‘ఉప్పు తగినంత’ అని రాసిన ఆడవాళ్ళ తరఫున

రెండు తెలుగు రాష్ట్రాల పౌర గ్రంథాలయ శాఖల అధికారులకు, జిల్లా గ్రంథాలయ సంస్థల కార్యదర్శులకు, విశ్వవిద్యాలయాల తెలుగు, చరిత్ర శాఖల ఆచార్యులకు

అయ్యా, అమ్మా,

నమస్కారం. ముప్పై మూడేళ్ళు హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. పుట్టింది దివిసీమలో, ఉంటున్నది విజయవాడలో. పాఠ్యపుస్తకం కాని పుస్తకం నా చేతికి మొదటిసారి అందింది మా ఊరి శాఖా గ్రంథాలయంలోనే. కాబట్టి మీ శాఖంటే నాకు గౌరవమే. ఆడవాళ్ళు రాసిన వంట పుస్తకాలను గ్రంథాలయాల్లో దాచాలని రెండేళ్ళలో నాలుగు అర్జీలు పెట్టుకున్నాను. రెండింటికి అందినట్టు రసీదు వచ్చింది. జవాబు దేనికీ రాలేదు. అందుకని అదే సంగతి నలుగురికీ వినపడేలా మళ్ళీ చెబుతున్నాను.

మా అమ్మమ్మ చేత్తో రాసిన వంటల నోటుపుస్తకాలు రెండు, మా అమ్మ వారపత్రికల్లోంచి కత్తిరించి అంటించుకున్న వంటల శీర్షికల పుస్తకాలు రెండు నా దగ్గర ఉన్నాయి. వీటిని ఉచితంగా ఇస్తానని ఒక గ్రంథాలయానికి వెళ్ళాను. అక్కడి ఉద్యోగి మర్యాదగానే కుర్చీ వేశాడు, మంచినీళ్ళు ఇప్పించాడు. అట్ట తెరవకుండానే, "ఇవి పుస్తకాలు కావమ్మా, నోటుబుక్కులు. ఇంట్లో ఉంచుకోండి, కోడళ్ళకు పనికొస్తాయి" అన్నాడు. నాకు కోడళ్ళు లేరు. ఉన్న ఇద్దరు కూతుళ్ళలో ఒకరికి వంట రాదు, రెండోవాళ్ళకు తెలుగు చదవడం రాదు. ఆ తర్వాత ఒక విశ్వవిద్యాలయంలో అడిగితే, తాళపత్రాలైతే చూసేవాళ్ళమన్నారు.

ఆ నెలలోనే పాత పేపర్ల కొట్టులో ఇంకో సంగతి కళ్ళబడింది. ఒక గ్రంథాలయం గుండ్రటి ముద్ర, దాని మీద అడ్డంగా ‘తొలగించబడినది’ అనే ముద్ర ఉన్న పుస్తకాల కట్ట తక్కెడ పక్కన పడుంది. అందులో సగం వంట పుస్తకాలు, కుట్టుపని పుస్తకాలు. వాటి మధ్య ఎలా వచ్చిందో ఒక లేపాక్షి నోటుబుక్కు, నీలం సిరాతో రాసింది. మొదటి పేజీలో కాకరకాయ కారం, చివరి పేజీలో చాకలిపద్దు. కిలో పద్దెనిమిది రూపాయల లెక్కన కొట్టువాడు తూచి ఇచ్చాడు. ముప్పాతిక కిలో తూగింది. ఎవరి పుస్తకమో ఇప్పటికీ తెలియదు. రాసినావిడ పేరు ఎక్కడా లేదు, ‘అత్తయ్యగారి పద్ధతి’, ‘గుంటూరు వదిన చెప్పినది’ అని మాత్రం ఉంది.

ఇలాంటి కాగితం మీకు ఎందుకు కావాలో చెప్పడానికి మా అమ్మమ్మ పుస్తకాన్నే తెరుస్తాను.

ఆవిడ మొదటి పుస్తకం 1977 నవంబరు 19 ఉప్పెనలో ట్రంకుపెట్టెతో సహా పోయింది. రెండోది సహాయ శిబిరంలో పిల్లలకు పంచిన నోటుబుక్కులో మొదలుపెట్టింది. మొదటి పేజీలో పిండివంట ఉంటుందనుకుంటాం. అక్కడున్న శీర్షిక ‘ఉప్పునీళ్ళు తాగిన బియ్యం’. కింద నాలుగు ముక్కలు: అయిదు నీళ్ళు కడగాలి. ఆరో నీళ్ళు నోట్లో పోసుకుని చూడాలి. చప్పగా ఉంటే ఎసట్లో పొయ్యొచ్చు. ఉప్పు వెయ్యద్దు. చింతపండు దొరికితే చారు, లేకపోతే గంజే.

ఈ ఉప్పెన గురించి నేను ముప్పై మూడేళ్ళు పాఠం చెప్పాను. గాలి వేగం, అల ఎత్తు, సర్కారు లెక్కలోనే పదివేల దాకా ప్రాణాలు. బతికి బయటపడ్డవాళ్ళు మర్నాటి నుంచి ఏం తిన్నారని ఒక్క పిల్లాడూ అడగలేదు, నాకూ తోచలేదు. ఆ జవాబు మా ఇంటి అటక మీదే ఉంది. గజెట్లో దొరకని జవాబు అది.

ఇంకో పాతిక పేజీలు తిప్పితే ఆవకాయ. అయిదు మానికల ముక్కలకు మానిక ఆవపిండి, మానిక కారం, ముక్కాలు మానిక ఉప్పు. పక్కన మార్జిన్లో ఏటేటా ఒక మాట: ‘ఈ ఏడు కాయ పులుపు లేదు’, ‘పెద్దోడి పెళ్ళి, రెండు కుంచాలు’, ‘కారం దంచిన కూలి 3 రూ’. కుంచానికి నాలుగు మానికలు, మానికకు రెండు తవ్వలు, తవ్వకు రెండు సోలలు, సోలకు నాలుగు గిద్దలు. బెల్లం, చింతపండు మాత్రం వీశెల్లో, అంటే ఇప్పటి కిలో నాలుగొందల గ్రాముల లెక్కలో. మెట్రిక్ తూకాలు 1958 నుంచి దశలవారీగా అమల్లోకి వచ్చాయని బళ్ళో చెప్పేదాన్ని. మా అమ్మమ్మ వంటింట్లోకి కిలో అడుగుపెట్టింది 1981లో. మొదట ‘కిలో (ముప్పాతిక వీశె కన్నా కొంచెం తక్కువ)’ అని రాసుకుంది, ఆ తర్వాత వీశె మాటే లేదు. పొయ్యి కూడా అంతే. మొదట్లో ‘కుంపటి మీద’, తర్వాత ‘పొట్టుపొయ్యి’, తర్వాత ‘కిరసనాయిలు స్టవ్వు’. మూడో పుస్తకం మధ్యలో చేతిరాత మారి, మా మేనత్త సన్నటి అక్షరాల్లో ‘గ్యాసు మీదైతే మంట తగ్గించాలి’ అని వస్తుంది. ఒక చట్టం, ఒక ఇంధనం, ఒక తరం మారడం ఇంత స్పష్టంగా తారీఖులతో కనిపించే కాగితం మా జిల్లాలో ఇంకెక్కడుందో చెప్పండి, వెళ్ళి చూస్తాను.

వంట గురించి రాయడం మన సాహిత్యంలో ఎప్పుడూ తక్కువ పని కాలేదు, రాసింది మగవాడైతే. పన్నెండో శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు మానసోల్లాసంలో వంటకాలు వర్ణించాడు, దాన్ని విజ్ఞాన సర్వస్వమన్నాం. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు ఏ ఋతువులో అతిథులకు ఏం వడ్డించాడో కృష్ణదేవరాయలు చెబితే మహాకావ్యంలో భాగమని చదువుకున్నాం. చదవవలసిందే, వరుగులూ వడియాలూ అంత అందంగా పద్యంలో ఇంకెవరూ పెట్టలేదు. కమ్మటి వంటకు మనం పెట్టుకున్న పేరు నలభీమపాకం. ఇద్దరూ మగవాళ్ళే, ఇద్దరూ అజ్ఞాతంలో గతిలేక వండినవాళ్ళే. ఇక విమర్శకులు కవిత్వాన్ని తూచడానికి ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అని వంటింటి నుంచే మాట అరువు తెచ్చుకున్నారు. ఆ వంటింట్లో నిలబడి రాసిన మనిషి పుస్తకం మాత్రం గ్రంథాలయాల్లో పుస్తకాలను విడదీసే డ్యూయీ అంకెల్లో 641.5 కిందికి పోతుంది, అక్కణ్ణుంచి చిత్తుకాగితాల్లోకి.

మాలతీ చందూర్‌గారి సంగతే చూడండి. నూజివీడులో పుట్టి మద్రాసులో ఉండి, ఆంధ్రప్రభ వారపత్రికలో ‘ప్రమదావనం’ శీర్షిక దశాబ్దాల పాటు నడిపారు. ‘హృదయనేత్రి’ నవలకు 1992లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆవిడ మీద వ్యాసాలు, సదస్సులు చాలా చూశాను. నవలల మీద పేజీలు, ‘వంటలు-పిండివంటలు’ మీద ఒక వాక్యం. ఊరు మారి, రాష్ట్రం మారి, దగ్గర అత్తాలేక అమ్మాలేక కాపురం పెట్టిన ఎందరో అమ్మాయిలకు ఆ పుస్తకమే దిక్కు. మా పెళ్ళిళ్ళ రోజుల్లో సారెతో పాటు దాన్ని పెట్టేవాళ్ళు. ముద్రణ మీద ముద్రణ పడిన ఆ పుస్తకం ఒక్కో ముద్రణలో ఏం మారింది, ఏ వంట చేరింది, ఏ కొలత పోయింది అని పోల్చి చూస్తే ఇరవయ్యో శతాబ్దపు మధ్యతరగతి తెలుగిల్లు కళ్ళముందు నిలబడుతుంది. పోల్చడానికి పాత ముద్రణలు వరసగా ఒక్కచోట ఉండాలి కదా.

బెంగాల్లో ఠాకూర్ల ఇంటి ఆడపడుచు ప్రజ్ఞాసుందరీ దేవి 1902లోనే ఆమిష నిరామిష వంటల మీద పుస్తకం వేసింది. ఒక పులావుకు తాతముత్తాతల కాలపు ద్వారకానాథుడి పేరు, ఇంకోదానికి రాజా రామ్మోహన్ రాయ్ పేరు పెట్టింది. అంటే వంటల పేర్లలో ఇంటి చరిత్ర రాసిపెట్టింది. బెంగాలీలు ఈనాటికీ ఆవిణ్ణి రచయిత్రిగానే చెప్పుకుంటారు. అదే ఏడాది మన భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ కథ రాసింది, అదే ఏడాది ‘హిందూసుందరి’ పత్రిక మొదలైంది. మన దగ్గర ఆడవాళ్ళు రాయలేదని కాదు. 1928లో కేసరిగారు మొదలుపెట్టిన ‘గృహలక్ష్మి’ దాకా, ఆ తర్వాత వచ్చిన వారపత్రికల మహిళా పేజీల దాకా పేజీలు తిప్పుతూ వంట, పథ్యం, బాలింత తిండి, నిలవ పచ్చళ్ళ మీద ఎవరేం రాశారో పేర్లతో సూచిక చేసే పని మాత్రం ఎవరికీ పని అనిపించలేదు.

దీనివల్ల మామూలు మనుషులకు జరుగుతున్న నష్టం ఇది.

1. పొట్టకూటి నష్టం. అన్నిటికన్నా ముందు ఇదే చెప్పాలి. ఒక ఊరి పేరుతో ప్రసిద్ధమైన వస్తువుకు గుర్తింపు (జీఐ) ఇచ్చే భౌగోళిక సూచికల చట్టం 1999లో వచ్చింది, 2003 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. ఒక ఊరి వస్తువుకు ఆ గుర్తింపు కావాలంటే దరఖాస్తులో మూలానికి రుజువు చూపాలి, అంటే చారిత్రక ఆధారాలు. బందరు లడ్డుకు 2017లో, ఆత్రేయపురం పూతరేకులకు 2023లో గుర్తింపు వచ్చింది. పూతరేకు తీయడం ఎప్పుడైనా దగ్గరగా చూశారా? బోర్లించిన కుండ కింద ఎండాకు మంట. పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డతో కుండ వీపు మీద ఒక్క లాగు. చుయ్‌మని ఆవిరి లేస్తుంది, కన్ను మూసి తెరిచేలోపు కాగితం కన్నా పల్చటి రేకు అంచు విడుతుంది. దాన్ని చిరక్కుండా వేళ్ళతో లేపాలి. వేడికి ఆ ఆడవాళ్ళ వేలికొసలు మొద్దుబారిపోయి ఉంటాయి. ఆ పనికి గుర్తింపు దక్కింది, సంతోషం. రేపు సకినాలో, సర్వపిండో, మా దివిసీమ ఎండు రొయ్యల పొడో చేసి అమ్ముకునే డ్వాక్రా సంఘం ఆడవాళ్ళు అదే వరసలో నిలబడితే ఏ కాగితం చూపించాలి? వాళ్ళ అమ్మమ్మలు రాసుకున్న పుస్తకం, పాతికేళ్ళ కిందటి పత్రికలో ఆ ఊరి పేరుతో పడిన వంట, ఇవే ఆధారాలు. వాటిని మనం కిలో పద్దెనిమిదికి అమ్ముకున్నాం.

2. పేరు నష్టం. ఒక పత్రిక పాఠకురాళ్ళు పంపిన వంటలన్నీ ఏరి, వంద వంటలంటూ ఉచిత పుస్తకం వేసింది. మా అమ్మ పంపిన గోంగూర పచ్చిరొయ్యలు అందులో ఉంది, ఆవిడ వాక్యాలతో సహా. పేరు లేదు. వంట ఎవరి సొత్తూ కాదనేది నిజమే. రాసిన వాక్యం మాత్రం రాసినవాళ్ళదే. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్ళ దాకా హక్కు ఉంటుంది. ఇప్పుడు యూట్యూబ్‌లో అవే పదాలు పక్కింటి గొంతులో వినపడుతున్నాయి. ‘అమ్మ చేతి వంట’ అని పొగుడుతారు. ఆ పొగడ్తలో అమ్మకు పేరుండదు.

3. మాట నష్టం. ఒకే పనిని కోస్తాలో పోపంటారు, ఇంకోచోట తాలింపు, ఇంకోచోట తిరగమోత, తిరువాత. బంగాళాదుంప అనంతపురంలో ఉర్లగడ్డ, వరంగల్లులో ఆలుగడ్డ. సర్వపిండే కొన్ని ఇళ్ళల్లో గంజుపిండి, కొన్నిళ్ళల్లో తపాలచెక్క. టమాటాను మా అమ్మమ్మ చివరిదాకా రామములక్కాయనే రాసింది. పోర్చుగీసువాళ్ళ ఓడల్లో వచ్చిన మిరపకాయ పేరులో అంతకుముందు కారం పుట్టించిన మిరియం దాక్కుని ఉంది. సీమచింతలో ‘సీమ’ అది పైదేశపు చెట్టని చెబుతోంది. తీగపాకం, ఉండపాకం, ముదురుపాకం తేడా తెలియని పిల్ల అరిసెల పిండి కలిపితే ఏమవుతుందో మీ ఇంట్లో అడగండి. మగ్గబెట్టడం, దోరగా వేయించడం, పచ్చివాసన పోయేదాకా ఉంచడం అన్నీ కలిపి ఇవాళ ‘ఫ్రై చేసి’ అయింది. వ్యవసాయ పదాలకు 1962లో, చేనేత పదాలకు 1971లో మాండలిక వృత్తి పదకోశాలు వేసుకున్న భాష మనది. వంటింటి పదాలకూ ఆ శ్రద్ధ కావాలి.

4. కొలత నష్టం. ఇది చిన్నదే, నా అనుభవం. అమ్మమ్మ లెక్క ప్రకారం ముక్కాలు మానిక ఉప్పు వేసి ఆవకాయ పెట్టాను. ఆవిడ ఉప్పు దంచని కల్లుప్పు, నాది ప్యాకెట్లోని మెత్తటి ఉప్పు. అదే మానికలో మెత్తటిది చాలా ఎక్కువ పడుతుంది. ఆ ఏడు జాడీ జాడీ సముద్రం. పాత వంటలన్నీ గ్రాముల్లోకి మార్చేవాళ్ళు ఈ సంగతి చూసుకోవాలి. ‘ఉప్పు తగినంత’ అన్నది లెక్కలేనితనం అని నవ్వుతారు కానీ, చదివే మనిషి చేతికి ఉప్పు తెలుసని నమ్మి రాసిన మాట అది.

5. తిండి మారిన చరిత్ర నష్టం. 1965 కరువు రోజుల్లో పూట భోజనం మానమన్న ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రిగారి పిలుపు, గోధుమ నూక అన్నం, 1983లో కిలో రెండు రూపాయల బియ్యం, ఇవన్నీ ప్రభుత్వ పత్రాల్లో టన్నుల్లో ఉన్నాయి. జొన్నసంకటి, కొర్రన్నం పళ్ళెంలోంచి ఏ ఏడాది ఏ ఇంట్లో లేచిపోయాయో ఆడవాళ్ళకే తెలుసు. ఇప్పుడు షుగరొచ్చి డాక్టరు కొర్రలు తినమంటే, ఎలా వండాలో పిల్లలు ఫోన్లో వెతుకుతున్నారు.

డొక్కా సీతమ్మగారి పేరు 2024లో ఆంధ్రప్రదేశ్‌లో బడి భోజనానికి పెట్టారు. మంచిపని. లంకల గన్నవరంలో వేళకాని వేళ వచ్చిన వాళ్ళకు కూడా వండిపెట్టిన ఆ తల్లి 1909లో పోయింది. ఆ ఇంటి పప్పూబియ్యం పద్దు ఒక్క ఏడాదిది దొరికినా గోదావరి లంకల తిండి గురించి ఎన్ని సంగతులు తెలిసేవి! పద్దులు దాచడం ఎవరికీ తోచని కాలం అది. మనకు తోచి కూడా దాచడం లేదు.

ఇక్కడ నా పుస్తకాల లోపం నేనే చెప్పాలి. ‘కారం దంచిన కూలి 3 రూ’ అని అమ్మమ్మ రాసింది. దంచిన మనిషి పేరు రాయలేదు. ఆమె ఇంట్లో ఏం వండుకునేవాళ్ళో, ఒట్టితునకలు (మాంసం ముక్కలు) ఎలా ఎండబెట్టేవాళ్ళో, బోటి ఎలా శుభ్రం చేసేవాళ్ళో మా పుస్తకాల్లో ఒక్క అక్షరం లేదు. పత్రికల వంటల పేజీల్లోనూ లేదు, ఆ పేజీలు చాలావరకు పైకులాల శాకాహారపు వంటిళ్ళే. 1951 జనాభా లెక్కల్లో దేశంలో నూటికి తొమ్మిదిమంది ఆడవాళ్ళకు కూడా చదువు లేదు. రాసిన కాగితం మాత్రమే దాస్తామంటే ఆ తొమ్మిదిమంది వంటే తెలుగు వంటగా మిగులుతుంది. కాబట్టి నోటితో చెప్పినది కూడా దాచాలి. ఇది కొత్త విద్యేమీ కాదు. పుణే విశ్వవిద్యాలయంలో స్త్రీ అధ్యయన కేంద్రం 2009లో దళిత స్త్రీల తిండి జ్ఞాపకాలతో ఒక పుస్తకం తెచ్చింది. జహీరాబాద్ దగ్గర డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు 2008 నుంచి సొంత రేడియో నడిపాయి. చిరుధాన్యాల విత్తనాలు, వంటలు ఎప్పటినుంచో వాళ్ళ నోటిమీదే ఉన్నాయి. ఆ సంఘాలకు 2019లో ఐక్యరాజ్యసమితి వాళ్ళ ఈక్వేటర్ బహుమతి వచ్చింది. రాత రాని ఆడవాళ్ళు చేసి చూపించిన పని ఇది. ఆచార్యులకు కష్టమవుతుందని నేననుకోను.

మేము అడుగుతున్నవి:

1. వంట, గృహవిజ్ఞానం, మహిళా పత్రికలను ‘ఎవరూ తీసుకోవడం లేదు’ అనే ఒక్క కారణంతో తొలగించడం వెంటనే ఆపాలి. తొలగించే ముందు జాబితా గోడకు అంటించి నెల రోజులు గడువివ్వాలి. కావలసినవాళ్ళు కొనుక్కుంటారు. నేనైతే కొనుక్కుంటాను.

2. ఉమ్మడి జిల్లాకు ఒక గ్రంథాలయంలో ఒక్క బీరువా, ఒక రిజిస్టరు పెట్టి చేతిరాత వంట పుస్తకాలు తీసుకోవాలి. ఇవ్వడం ఇష్టంలేనివాళ్ళ దగ్గర స్కాన్ చేసుకుని అసలు తిరిగి ఇచ్చేయాలి. రిజిస్టరులో రాసినావిడ పేరు, ఊరు, ఇంచుమించు కాలం, ఆవిడకు ఆ వంట ఎవరు నేర్పారో తెలిస్తే వాళ్ళ పేరు ఉండాలి. డబ్బు లేదంటారని తెలుసు. మా ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. ఇన్నేళ్ళుగా వంట చేసి పెట్టి, కట్టిన ఇల్లే అది.

3. పాత మహిళా పత్రికలు, వారపత్రికల వంటల పేజీలకు రచయిత్రుల పేర్లతో సూచిక తయారుచేయాలి. ఇది ఎం.ఏ. విద్యార్థులకు ప్రాజెక్టుగా ఇవ్వదగ్గ పని. ఏటా నవలల మీద వచ్చే పరిశోధనల్లో ఒకటి తగ్గితే తెలుగు నవలకు వచ్చే లోటేమీ ఉండదు.

4. రాయడం రాని, రాసే వీలు దొరకని ఆడవాళ్ళ మాటలు రికార్డు చేయాలి. డెబ్బై దాటినవాళ్ళతో మొదలుపెట్టాలి. కూలి పని చేసేవాళ్ళు ఒక పూట మీకిస్తే ఆ పూట కూలి ఇవ్వాలి. చేపలమ్మే వాళ్ళు, మేకలు కాసేవాళ్ళు, తండాల్లో, గూడేల్లో ఉన్నవాళ్ళు, ఉర్దూ మాట్లాడే ఇళ్ళవాళ్ళు ఈ జాబితాలో ముందుండాలి.

5. వృత్తి పదకోశాల పద్ధతిలో వంటింటి పదాలకు జిల్లాలవారీగా సమగ్రమైన పదకోశం వేయాలి. కొలతలకు అందులో విడిగా ఒక అధ్యాయం, కల్లుప్పుకు విడిగా ఒక గమనిక ఉండాలి.

6. మా నాలుగు అర్జీలకు జవాబివ్వాలి. కుదరదని రాసినా సరే.

మూడు నెలలు చూస్తాను. ఆ తర్వాత గత పదేళ్ళలో ఏ గ్రంథాలయం ఏ పుస్తకాలు తొలగించిందో జిల్లాకో దరఖాస్తు చొప్పున సమాచార హక్కు చట్టం కింద అడుగుతాను. రిటైరైన టీచర్లం ఇప్పటికి పదకొండుమందిమి ఉన్నాం, తీరికే తీరిక. అందరి ఇళ్ళల్లోనూ ఒకటో రెండో ఇలాంటి పుస్తకాలున్నాయి.

ఈలోగా మీలో ఎవరైనా స్వయంగా చూడాలనుకుంటే మా ఇంటికి రండి, ఆదివారమైనా ఫరవాలేదు. పుస్తకాలు బీరువాలో ఎండు వేపాకు మధ్య ఉన్నాయి. రెండోదాని అట్ట చెద తినేసింది, పేజీలు బాగానే ఉన్నాయి. ఆవకాయ పేజీ, దాని ముందు పేజీ నూనెకు అతుక్కుపోయి ఉంటాయి. వాటిని విడదీయాలంటే కింది మూల నుంచి మెల్లగా లాగాలి. అది మాత్రం నేనే తీసి చూపిస్తాను.

ఇట్లు,
దివిసీమ ఆడపడుచు, రిటైర్డ్ సాంఘికశాస్త్రం టీచరు,
విజయవాడ